బోర్డు మీద మిగిలిన బిళ్ళ

"మీరు ఆ మాస్కు తగిలించుకునేలోపు మేం స్ట్రెచర్ తెచ్చేస్తాం లెండి" అందామె.

క్లాసంతా గొల్లున నవ్వింది. గనిలో కొత్తగా చేరిన సర్వేయరు, మాస్కు పట్టీ చెవికి చిక్కుకుని దిక్కులు చూస్తున్నాడు.

"ఊపిరాడకపోతే మీరున్నారుగా మేడమ్, నాకేం కంగారు?" అన్నాడు తగ్గకుండా.

"పొగలో జోకులు పనిచేయవండీ. మళ్ళీ పెట్టుకోండి."

ఆమె సేఫ్టీ ట్రైనరు. రెస్క్యూ టీంలో కూడా ఉంది. కార్మికులు చాటుగా 'సైరన్ మేడమ్' అనుకుంటారు. ఆ టీం కెప్టెన్ ఆమె మేనమామ. చిన్నప్పటినుంచీ పెంచింది ఆయనే.

ఆ రోజునుంచీ సర్వేయరుకు ఎక్కడలేని సందేహాలూ పుట్టుకొచ్చాయి. ఓసారి వాన పడుతుంటే షెడ్డు కింద ఆమె పక్కన చేరాడు.

"మేడమ్, సైరన్ మోగినప్పుడు వాన పడుతుంటే గొడుగు తెచ్చుకోవచ్చా?"

ఆమె నవ్వు దాచుకోవడానికి హెల్మెట్ సర్దుకుంది. "ముందు ఇది గుర్తుపెట్టుకోండి. దిగేటప్పుడు మీ నంబరు బిళ్ళ 'లోపల' బోర్డుకు తగిలించాలి, పైకొచ్చాక తీసేయాలి. లోపల ఎవరున్నారో మాకు చెప్పేది ఆ బిళ్ళే."

"నేనెక్కడున్నానో మీకు తెలియకుండా ఉంటుందా?"

"నాకు మీ బిళ్ళ ఒక్కటే తెలుసు" అంటూ వానలోకి వెళ్ళిపోయింది. ఓరచూపు మాత్రం అతని మీదే ఉండిపోయింది.

ఆమెను కాఫీకి పిలవాలని నిశ్చయించుకున్న రోజు, అద్దంలో చూసుకుంటే జుట్టు పిచ్చుకగూడులా ఉంది. షిఫ్టు మధ్యలో పైకొచ్చి సెలూన్‌కు బయల్దేరాడు. బోర్డు పక్కనుంచే నడిచాడు. బిళ్ళ తీయాలన్న సంగతి గుర్తుకొచ్చింది కూడా. 'ఇప్పుడే వచ్చేస్తాగా' అనుకున్నాడు.

కత్తెర ఆడుతుండగా సైరన్ మోగింది.

"మళ్ళీ డ్రిల్లు! ఆవిడ ఊరుకోదుగా" అని నవ్వుకుని, మెడకు కాస్త పౌడరు కూడా వేయమన్నాడు.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి గని నోట్లోంచి నల్లటి పొగ. లోపల కన్వేయర్ బెల్టు అంటుకుందట. షిఫ్టువాళ్ళంతా మైదానంలో వరసగా నిలబడి ఉన్నారు. ఒక ఫిట్టరు అతన్ని చూసి నోరు తెరిచాడు.

"సార్! మీరు బయటున్నారా? మీ బిళ్ళ ఒక్కటే మిగిలిపోయింది. మీకోసం టీం లోపలికెళ్ళింది సార్!"

అతను కంట్రోల్ రూమ్‌లోకి పరిగెత్తి, "నేను బయటే ఉన్నాను, వాళ్ళను వెనక్కి రమ్మనండి" అని అరిచాడు.

టీం బయటికొచ్చింది. చివర్లో ఆమె. ఇద్దరు రెక్కలు పట్టి నడిపిస్తున్నారు, కాళ్ళు తడబడుతున్నాయి. మాస్కు తీసి గుక్క తిప్పుకుంటూ అతన్ని చూసింది. కొత్త క్రాపు చూసింది. మెడ మీద పౌడరు చూసింది.

"ఎక్కడికెళ్ళావయ్యా?" అన్నాడు కెప్టెన్.

"క్షవరానికి సార్."

ఇంకెప్పుడైనా అయితే గొల్లుమనేవారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మేనేజరు అతన్ని సస్పెండ్ చేశాడు. అది అతనికి పెద్ద శిక్షనిపించలేదు. దారిలో కనబడ్డ కార్మికులు "బాగున్నారా సార్" అని మామూలుగా పలకరిస్తుంటే మాత్రం తల భూమిలోకి కుంగిపోయేది. అద్దం ముందు నిలబడటం మానేశాడు. తర్వాతి ట్రైనింగ్ క్లాసుకు తనే వెళ్ళి, జరిగిందంతా అందరిముందూ చెప్పాడు. పౌడరు సంగతితో సహా. కానీ పాఠం చెబుతున్నది వేరొకరు. ఆమె రావడం లేదట.

అక్కణ్ణుంచి తిన్నగా ఆమె ఇంటికెళ్ళాడు. కెప్టెన్ తలుపు తీసి, ఎగాదిగా చూసి, ఆమె కూర్చున్న వెనక వరండా చూపించాడు.

"క్షమించమనడానికి రాలేదండీ. అడిగే ముఖం నాకు లేదు" అన్నాడతను, నిలబడే. "మీరు క్లాసు మానేసింది నావల్లేగా? నేనే ఊరు వదిలి పోతాను. మీరు రండి."

"మీవల్ల కాదు" అందామె, చేతివేళ్ళు చూసుకుంటూ. "మామయ్య నన్ను టీంలోంచి తీసేశారు. తీసెయ్యాల్సిందే. లోపల నా సిలిండర్‌లో గాలి తగ్గిపోయింది, అందర్నీ వెనక్కి తిరగమన్నారు. నేను తిరగలేదు. నామూలంగా టీం మొత్తం ఆగాల్సొచ్చింది. గాలి తగ్గితే వెనక్కి తిరగాలి, అందరికీ నేను నేర్పే మొదటి రూలే అది."

"మరెందుకు తిరగలేదండీ?"

"ఇంకెవరి బిళ్ళయినా అయితే తిరిగేసేదాన్ని" అందామె. "అదీ నా సిగ్గు. ఇక ఏ ముఖంతో పాఠాలు చెప్పను?"

అతని గుండె ఎగిరింది. మరుక్షణమే కుంచించుకుపోయింది.

"నాకిప్పుడు సంతోషంగా ఉంది. ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది" అన్నాడు మెల్లగా.

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. నీళ్ళతోపాటే నవ్వూ వచ్చేసింది.

గుమ్మంలో కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో!

"ఇద్దరూ వినండి. నువ్వు లోపలుంటే, నిన్ను వెతికే టీంలో ఇది ఉండటానికి వీల్లేదు. ఇప్పుడే కాదు, పెళ్ళయ్యాక కూడా ఇదే రూలు."

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళి మాట అప్పటిదాకా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"అలాగే మామయ్యా" అంది ఆమె, తల దించుకుని.