బొమ్మలో లేని బలుసు

నాగరత్నం తడికాగితం మీద మొదటి పూత పూసేసరికి తలపైనున్న కెమెరాలన్నీ కిందికి వంగాయి.

"వాటిని పట్టించుకోకండి. మీ ఊహకు తోచిన అడవి వెయ్యండి. ఎక్కడా లేనిదైనా సరే," అన్నాడు డాక్టర్ ముకుందం.

అతను తయారుచేసిన యంత్రం పేరు వనకర్త. అది బొమ్మను చదివి, ఏ చెట్టు ఎంత ఎత్తుండాలో, ఏ నీడ ఎక్కడ పడాలో లెక్కగట్టి, అందుకు తగ్గట్టు జన్యువులు మార్చిన విత్తనాలు తయారుచేస్తుంది. వాటిని నాటి ఒక ద్రావణం పోస్తే ఏడాది తిరిగేసరికి మానులవుతాయి. నగరాన్ని దుమ్ము కమ్మేసిన రోజులవి. పక్కనే ఒక అడవి ఉంటే బాగుండునని అందరికీ ఉంది. నీటిరంగుల్లో నాగరత్నానికి ఉన్న పేరు విని ఆమెను పిలిచారు.

దూరపు చెట్లను తడి మీదే వేసింది. రంగు దానంతటదే పాకి పొగమంచులా విచ్చుకుంది. కాగితం ఆరాక దగ్గరి మానులను ముదురుగా దిద్దింది. నడుమ ఒక పాయ మాత్రం తెల్లగా ఉంచేసింది.

"ఇక్కడేముంది?" అన్నాడు ముకుందం.

"వెలుతురు. నీటిరంగుల్లో తెలుపు వెయ్యమండీ, కాగితాన్నే వదిలేస్తాం."

మరుసటి ఏడు ప్రారంభోత్సవానికి ఆమెను తీసుకెళ్ళారు. తన బొమ్మే ఎదురుగా నిలబడి ఉంది: నిటారు మానులు, నీలి నీడలు, నడుమ ఎండ. ఆమె కళ్ళు చెమర్చాయి. తల తిప్పి వెనకనున్న గుట్ట వాలు చూసి గుర్తుపట్టింది. అది తను పుట్టిన చోటు. చెల్లెలు ఈశ్వరమ్మ ఇప్పటికీ అక్కడే మేకలు కాస్తూ, తేనె తీస్తూ బతుకుతోందనుకుంటోంది.

"ఇక్కడ అడవి ఉండేది కదండీ?"

"అడవేంటమ్మా, ముళ్ళపొదలు," అన్నాడు ముకుందం. "బొమ్మలో లేనివాటిని వనకర్త ముందే తీసేస్తుంది."

ఈశ్వరమ్మ రోడ్డు పక్క రేకుల షెడ్డులో కనిపించింది. మేకలు లేవు.

"నీ బొమ్మేనంట కదక్కా."

"ఇక్కడ పెంచుతారని నాకు చెప్పలేదే."

"మన ఇల్లు నువ్వు తెల్లగా వదిలేసిన చోట పడిందంట. అక్కడేమీ ఉండకూడదన్నారు." అక్కవైపు తిరిగి అడిగింది, "అడవి వెయ్యమంటే నీకు మన అడవి గుర్తుకే రాలేదా?"

గుర్తుకొచ్చింది. ముళ్ళను ఎవరు చూస్తారనుకుని కుంచెను చలిదేశపు చెట్ల వైపు తిప్పింది.

ఇంటికొచ్చి పట్టుదలగా కూర్చుంది. బలుసు, రేగు, తుమ్మ, వాటి కింద ఎర్రమట్టి. ఎప్పుడూ అంత శ్రద్ధగా వెయ్యలేదు. ముళ్ళ కొసలకు సన్నకుంచె పట్టిన వేళ్ళు నొప్పిపెట్టాయి. ఆరగానే ముకుందం దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఒక్క మూలనైనా దీన్ని పెంచండి. మా చెల్లెలు మళ్ళీ అక్కడ బతుకుతుంది."

అతను కాదనలేదు. బొమ్మను యంత్రం కింద పెట్టాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. చదివి, తెరను తనవైపు తిప్పుకున్నాడు.

"ఏమంటోంది?"

"తను పీకేసిన మొక్కలన్నిటినీ కలుపు కింద నేర్చుకుందమ్మా," అన్నాడు మెల్లగా. "బొమ్మ చాలా స్పష్టంగా ఉందట. ఈ కలుపున్న స్థలం ఎక్కడుందో చెబితే వెంటనే శుభ్రం చేస్తానంటోంది."