పద్నాలుగో పొట్లం

నీలం బ్యాగు మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. అత్తయ్య అందులో తువ్వాలు పెట్టింది, దువ్వెన పెట్టింది, దగ్గు మందు సీసా పెట్టింది. ఇక మిగిలినవి పొట్లాలు. మొత్తం ముప్ఫై. ఒక్కోదాని మీద ఒక్కో తేదీ.

"పిడుగూ, వరసగా పెట్టు. తేదీ చూసి మరీ పెట్టు."

పిడుగుకి తొమ్మిదేళ్ళు. ఆ పేరు పెట్టింది అత్తయ్యే. ఆవిడ పిడుగు నాన్నకి అక్క. వాళ్ళతోనే ఉంటూ, బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటులో పనిచేస్తుంది. రోజూ బెల్టు మీద కదిలే బొగ్గులోంచి కొంచెం తీసి, పొడి చేసి, పొట్లం కడుతుంది. నెలకోసారి వాటిని దూరాన ఉన్న ల్యాబ్‌కి తీసుకెళ్తుంది. ఏ రోజు బొగ్గులో ఎంత కార్బన్ ఉందో అక్కడ చూస్తారు. దాన్నిబట్టి ఆ రోజు చిమ్నీలోంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ పోయిందో లెక్క కడతారు.

"చిమ్నీ వైపు చూస్తే తెలియదా అత్తయ్యా?"

"ఆ గాలి కంటికి కనబడితే నాకెందుకే ఈ మోత!"

అత్తయ్య కళ్ళజోడు వెతుక్కుంటూ పక్కగదిలోకి వెళ్ళింది. పిడుగు పద్నాలుగో పొట్లాన్ని విసురుగా లాగింది. కాగితం చర్రున చిరిగింది. నల్లటి పొడి నేలంతా పరుచుకుంది.

పిడుగు పక్కగది వైపు చూసింది. గబగబా చీపురుతో పొడిని మంచం కిందికి తోసేసింది. పదిహేనో పొట్లం విప్పి, సగం పొడి తీసి కొత్త కాగితంలో కట్టింది. మీద అచ్చం అత్తయ్య రాసినట్టే '14' అని రాసింది.

"అన్నీ ఉన్నాయా?" అంది అత్తయ్య వస్తూనే.

"ఆఁ."

అత్తయ్య లెక్కపెట్టనైనా లేదు. పొట్లాల జాబితా కింద సంతకం చేసి, బ్యాగు జిప్పు లాగింది.

ఇద్దరూ బస్టాపుకి నడిచారు. ఎప్పుడూ వాగుతూనే ఉండే పిడుగు రాళ్ళు తన్నుకుంటూ వెనకే వస్తోంది.

"ఏమే, నోట్లో బొగ్గు పోసుకున్నావా?"

పిడుగు ఆగిపోయింది. "పద్నాలుగు పద్నాలుగు కాదత్తయ్యా."

"మరేంటి, పన్నెండా?"

పిడుగు ఏడుస్తూ జరిగిందంతా చెప్పేసింది. అత్తయ్య నవ్వు ఆగిపోయింది. దూరంగా బస్సు మలుపు తిరుగుతోంది.

"ల్యాబ్‌లో నిన్ను తిడతారా?"

"గడి ఖాళీగా ఉంటే నాలుగు మాటలంటారు. తప్పు అంకె ఉంటే ఎవరూ ఏమీ అనరు. అందరూ నమ్మేస్తారు. నాకు దాంతోనే భయం." అత్తయ్య జాబితా, పెన్ను అందించింది. "ఒలకబోసిన చేత్తోనే రాయి."

పిడుగు మోకాలి మీద పెట్టుకుని రాసింది: '14. ఒలికిపోయింది. పొట్లం లేదు.'

అత్తయ్య దొంగ పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. "పదిహేను సగమున్నా సరిపోతుందిలే. నువ్వెళ్ళి మంచం కింద ఊడువు. మీ అమ్మ చూసిందంటే ఇద్దరికీ వడ్డిస్తుంది."

నాలుగో రోజు అత్తయ్య తిరిగొచ్చింది. పిడుగు గుమ్మంలోనే అడిగింది. "తిట్టారా?"

"కడుపునిండా. ముందు మంచినీళ్ళివ్వు."

కొత్త సంవత్సరంలో సైన్స్ టీచర్ పిల్లలందరికీ ఒక పని చెప్పింది. రోజూ ఇంట్లో మీటరు చూసి, ఎంత కరెంటు వాడారో, దానికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందో నోట్‌బుక్‌లో రాయాలి. పొద్దున్నే పిడుగు స్టూలెక్కి అంకెలు చదివేది. అత్తయ్య దగ్గుతూనే స్టూలు పట్టుకునేది.

ఫిబ్రవరి రెండున అత్తయ్య మళ్ళీ బ్యాగు సర్దుకుంది. ఈసారి ముప్ఫై ఒక్క పొట్లాలూ పిడుగే రెండు చేతులతో పట్టుకుని పెట్టింది.

"స్టూలు జాగ్రత్త," అంది అత్తయ్య బస్సు ఎక్కుతూ.

నెలాఖరున టీచర్ నోట్‌బుక్‌లు చూసింది.

"అన్నీ రాశావు, ఈ ఒక్క రోజే వదిలేశావేం? ముందురోజు అంకె వేసేస్తే పోయేదిగా?"

"ఎందుకో కింద రాశాను టీచర్."

టీచర్ కళ్ళజోడు సర్దుకుని చదివింది.

'ఫిబ్రవరి 11, బుధవారం. మీటరు చూడలేదు. ల్యాబ్‌కి వెళ్ళిన అత్తయ్య దగ్గు ముదిరి అక్కడ ఆసుపత్రిలో చనిపోయింది. ఇంటికి తిరిగి రాలేదు.'