చేత్తో రాసిన లైను

"ఏంటండీ ఇది, కోడా, మూటా?"

కొత్తగా టీములో చేరిన అమ్మాయి అలా అడిగిన రోజే అతనికి మూట అనే పేరు పడిపోయింది. కోడు దాచే రిపోలోకి వందల ఫైళ్ళు ఒకేసారి కుమ్మరించడం అతని అలవాటు. అనవసరమైన లైను కనబడితే చాలు కత్తిరించి పారేసే ఆమెకు కత్తెర అని పేరు పెట్టి అతనూ బదులు తీర్చుకున్నాడు.

తగువంతా ఒక్క ఫోల్డరు మీదే. చిన్న నమూనా ఒకటి ఇస్తే కోడు రాసే టూలు దాన్ని చూసి మూడొందల పన్నెండు ఫైళ్ళు తనంతట తనే రాసి పడేస్తుంది. వాటిని రిపోలో దాచాలా, వద్దా?

"అడిగినప్పుడల్లా టూలు రాసిస్తుంటే దాచడం దేనికండీ? మనుషులు చేత్తో రాసింది ఉంటే చాలు."

"అది మొరాయిస్తే? ఒకసారి దాని వెర్షను మారినప్పుడు టీమంతా రోజల్లా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. మీరప్పటికి చేరలేదు లెండి."

"అయితే టూలు బాగుచేయండి. మూటలు కట్టకండి."

ఆమె చెప్పిందీ నిజమే, అతను చెప్పిందీ నిజమే. అందుకే ఆ తగువు ఎంతకీ తెగలేదు. తెగకూడదనే అతని కోరిక. వాదించాలంటే ఆమె కుర్చీ తిప్పి ఇటు చూడాలి కదా! గెలిస్తే నవ్వుతుంది. ఆ నవ్వు కోసం అతను తెలిసి తెలిసి రెండు మూడుసార్లు ఓడిపోయాడు కూడా.

ఫోనులో అక్క చీవాట్లు పెట్టింది. "ఒరేయ్, వాదించడానికి వచ్చే నోరు అసలు మాట చెప్పడానికి రాదేంరా?"

"చెప్తాలే అక్కా."

చెప్పలేదు. వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ఆ ఫోల్డరులో ఒక ఫైలు తెరిచి, "చేత్తో మార్చవద్దు" అన్న హెచ్చరిక కిందే తన మనసులో మాట రాసుకున్నాడు. టూలు మళ్ళీ నడిస్తే అదే చెరిగిపోతుందిలే అనుకున్నాడు. కానీ దాన్ని నడపకుండానే, అలవాటు కొద్దీ అన్నీ కలిపి రిపోలోకి పంపేశాడు. టూలు రాసినవాటిని ఎవరూ తెరిచి చూడరు. అతనూ మర్చిపోయాడు.

ఆ వారంలోనే టీము పెద్దాయన ఆమెకు కబురు చెప్పాడు. "సోమవారం నుంచి నువ్వు పై అంతస్తు టీములోకమ్మా. వెళ్ళేలోగా ఆ ఫోల్డరు సంగతి తేల్చేయ్."

మూట గుండెల్లో రాయి పడింది. ఫోల్డరు పోతే తగువు పోతుంది. ఇక ఆమె ఇటు చూసే పనే ఉండదు.

శుక్రవారం ఆమె టూలు నడిపింది. అది కొత్తగా రాసినవీ, రిపోలో ఉన్నవీ పక్కపక్కన పెట్టి పోల్చింది. మూడొందల పదకొండు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి.

"ఒక్కదాంట్లో తేడా వస్తోంది. ఇలా రండి."

తెర మీద ఆ లైను కనబడగానే అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

'కత్తెర నవ్వితే నేనేం చేస్తున్నానో మర్చిపోతున్నా. ఆమె లేకపోతే నాకేం తోచదు.'

"టూలుకి ఇలాంటివి కూడా వచ్చా అండీ?" ఆమె ముఖం తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అవునంటే ఇప్పటికి బయటపడొచ్చు. కానీ సోమవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది.

"టూలు కాదండీ. నేనే. చేత్తో రాశాను."

"తీసేయనా మరి?"

"మీ ఇష్టం. నేనైతే ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను."

ఆమె మూడొందల పదకొండు ఫైళ్ళనూ ఒక్క దెబ్బతో కత్తిరించేసింది. ఆ ఒక్కదాన్నే ఉంచింది.

"అదెందుకు ఉంచారు?"

"నా రూలు తెలుసుగా. చేత్తో రాసినవి రిపోలో ఉండాలి."

అని ఆ లైను కింద తనూ ఒకటి టైపు చేసింది.

'కత్తెరకీ తోచదు.'

"రివ్యూ మీరే చేయాలి," అంటూ కుర్చీ ఇటు తిప్పింది. "తప్పులుంటే చెప్పండి."

మూటకు ఒక్క తప్పూ కనబడలేదు.