బుధవారం మధ్యాహ్నం, జోన్ నాలుగు

సఫారీ బుకింగ్ గుమాస్తా ఇంకో రెండు నిమిషాల్లో చచ్చిపోతాడు. పాపం, ఆ సంగతి తెలియక ఎర్ర పెన్ను కోసం సొరుగంతా గాలిస్తున్నాడు.

సోమవారం ఉదయం పదీ ఇరవై. అద్దాల తలుపుల ట్రావెల్ ఆఫీసు. గోడ మీద నిలువెత్తు పులి పోస్టరు, దాని కింద సోఫా, కౌంటర్ మీద ప్రింటరు. రెండేళ్ళుగా అతను ఆ కౌంటర్ వెనక కూర్చుని జనానికి నేషనల్ పార్కు సఫారీలు బుక్ చేసిపెడుతున్నాడు. ఏ గేటు ఎప్పుడు తీస్తారు, ఏ జోన్‌లోకి ఎన్ని జీపులు వదులుతారు, అన్నీ అతనికి నోటికొచ్చు. కానీ అతనికి జీతమిచ్చేది గూఢచారి శాఖ. ఆ ఆఫీసు ఒక విదేశీ ముఠాకి ముసుగని తెలిసి, నిఘా కోసం అక్కడ కూర్చోబెట్టింది.

ఆ ఉదయం లోపలి గదిలోంచి ఒక పర్మిట్ అతని బల్ల మీదికి వచ్చింది. సీలుంది, సంతకముంది, మెరిసే స్టిక్కరుంది. గుమాస్తా ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఓహో!" అన్నాడు పైకే.

పెన్ను దొరికింది. 'బుధవారం మధ్యాహ్నం' అన్న మాటల చుట్టూ రెండుసార్లు గట్టిగా సున్నా చుట్టి, ఫోను అందుకున్నాడు.

సోఫాకి కవర్లు కుట్టడానికి కొలతలు తీసుకుంటున్న దర్జీ మెల్లగా లేచాడు. "మీ కుర్చీ కూడా కొలవమన్నారు సార్," అంటూ కౌంటర్ వెనక్కి వచ్చాడు.

"కానీ, కానీ. తొందరగా కానీ."

దర్జీ కుర్చీని కొలవలేదు. టేపు గుమాస్తా మెడ చుట్టూ తిరిగింది. ఆ టేపు లోపల ఉక్కు తీగ ఉంది. వీపు మీద మోకాలు ఆనించి లాగాడు. గుమాస్తా కాళ్ళు బల్లని తన్నాయి, ప్రింటరు కింద పడి పగిలింది. వేళ్ళు తీగ కిందికి దూరబోయి సొంత మెడనే చీరేసుకున్నాయి. తీగ చర్మం తెంపుకుని లోపలికి దిగింది. చొక్కా కాలరు తడిసి ఎర్రబడింది.

ఫోనులో ఎవరో "హలో, హలో" అంటున్నారు. దర్జీ రిసీవర్ పెట్టేశాడు. పర్మిట్‌ని ముట్టుకోలేదు. టేపు తుడుచుకుని, "మెడ పదిహేనున్నర," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

*

'లిఫ్టులు రిపేరు చేయబడును' అన్న బోర్డు వెనక ఉంది గూఢచారి శాఖ. తలుపు తట్టినవాణ్ణి లోపలి గొంతు అడిగింది.

"ఎన్నో అంతస్తు?"

"మెట్ల కిందది."

తలుపు తెరుచుకుంది. వచ్చినవాడి పేరు ముంగిస. శాఖ పెట్టిన పేరే. ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం వీడొక లిఫ్టు మెకానిక్.

చీఫ్ పెన్సిల్ చెక్కుతున్నాడు. మనసు బాగోనప్పుడు ఆయన పెన్సిళ్ళు చెక్కుతాడు. బల్ల మీద పొట్టు కుప్ప పడి ఉంది.

"గుమాస్తా పోయాడు."

"విన్నాను సార్." గుమాస్తా, ముంగిస ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే కంచంలో తిన్నారు.

"మొనగాడయ్యా. పోతూ పోతూ మనకి తేదీ చెప్పి పోయాడు." చీఫ్ పర్మిట్ ముందుకి తోశాడు. ఎర్ర సున్నా మీద రక్తపు చుక్కలు ఆరిపోయి ఉన్నాయి. "పేరు చదువు."

ముంగిస చదివాడు.

"మా బావ!"

బావ రాడార్ ఇంజనీరు. దేశంలోని రాడార్లన్నిటినీ ఒక్క దెబ్బతో పడుకోబెట్టగల కోడ్ ఒకటుంది. అది కాగితం మీద లేదు, కంప్యూటర్లో లేదు, బావ బుర్రలో ఉంది.

"మా అక్క ఆర్నెల్లుగా ఈ ట్రిప్పు ప్లాన్ చేస్తోంది సార్. బావకి కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమది ఇంకో ఏడాదే అన్నారు డాక్టర్లు. ఆలోపు అడవిలో తిరిగే పులిని ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. అంతకుమించి ఏమీ లేదు. ఇందులో ఈ ముఠా ఎక్కడ దూరింది?"

"మీ అక్క వెళ్ళిన ట్రావెల్ ఆఫీసులో."

అప్పుడే గదిలోకి ఒక సెంటు వాసన వచ్చింది. దాని వెనకే మనిషి వచ్చింది. నీలం పట్టు దుస్తులు, ఎత్తు మడమలు, చూసినవాడు గ్లాసులో నీళ్ళు ఒలకబోసుకునే అందం. ఆ ఆఫీసు మేనేజరు. ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటుంది. శాఖ ఆమెని మా మనిషి అంటుంది. శాఖలో ఆమె పేరు నెమలి.

"చెప్పు," అన్నాడు చీఫ్.

"పార్కు కౌంటర్లో నిలబడి నేనే బుక్ చేశాను సార్. కంప్యూటర్లో నా కళ్ళతో చూశాను. జోన్ నాలుగు, బుధవారం మధ్యాహ్నం. చెరువు దగ్గర జీపు ఆపి ఇంజనీరుని ఎత్తుకుపోతారు. బతికుండగా దొరికితే సరే, లేకపోతే ముగించేస్తారు."

"అయితే మన నలభై మందీ ముందే కంచె దాటి జోన్ నాలుగులో పొదల్లో ఉంటారు," అన్నాడు చీఫ్. "నేనూ వెళ్తున్నాను. ముంగిసా, నువ్వు మీ బావ పక్కన జీపులో కూర్చుంటావు."

"మా బావని ఎరగా కడతారా?"

"మేకని కట్టకుండా పులి వస్తుందా?"

"కట్టేది మీ బావని అయితే ఇంత హాయిగా చెప్పేవారా సార్?"

చీఫ్ బల్ల మీది పొట్టు పక్కకి ఊడ్చాడు. ఇంకో పెన్సిల్ తీసుకున్నాడు. సొరుగులోంచి ఒక బైనాక్యులర్ తీసి ఇచ్చాడు. "లోపల ఒకే ఒక్క గుండు. ఫోకస్ చక్రం మూడుసార్లు తిప్పితే పేలుతుంది. కంటికి ఎటువైపు పెడుతున్నావో చూసుకో."

నెమలి నవ్వింది. "జాగ్రత్త ముంగిసా. నువ్వంటే నాకిష్టం."

దేశం కోసం తెగించినవాడే గానీ, ఆ మాటకి వీడి చెవులు ఎర్రబడ్డాయి. మగబుద్ధి!

*

బుధవారం ఉదయం పదకొండు. అక్క ఇంట్లో వంటగది బల్ల నిండా అడవే. మట్టిరంగు చొక్కాలు, అంచు టోపీలు, దుమ్ముకి మూతిగుడ్డలు, మందుల డబ్బా. మధ్యలో అక్క నోటుబుక్కు. దాన్ని ఆమె పరీక్షకి చదివినట్టు చదివింది. బావ బల్ల దగ్గర కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఏం బావా, పులికి నువ్వు కనబడతావా, నీకు పులి కనబడుతుందా?"

"ఎవరికి ఎవరు కనబడినా ఫర్వాలేదురా. మీ అక్కకి నేను ఎర్రచొక్కాలో కనబడకూడదు. నిన్న ఒక్క చొక్కా కోసం గంట క్లాసు పీకింది."

"అడవిలో రంగులు వేసుకోకూడదు, సెంటు కొట్టుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు," అంది అక్క పొయ్యి మీద నీళ్ళు పెడుతూ. "మీకు మూడోది చేతకాదు, కనీసం మొదటి రెండూ పాటించండి. ఒరేయ్, నీ సంచీలో ఆ బైనాక్యులర్ ఏమిటి? ఇలా తే, అన్నీ ఒకచోట సర్దుతాను."

వద్దనేలోపే లాగేసుకుని బల్ల మీద పెట్టింది. తమ్ముడి సంచీ మీద హక్కు అక్కలకి పుట్టుకతో వస్తుంది, దానికి వారంటు అక్కర్లేదు. చక్రం జోలికి మాత్రం పోలేదు, అదే అదృష్టం.

ముంగిస గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ప్రోగ్రాం మారింది. రేపు పొద్దున్న కాదు, ఇవాళ మధ్యాహ్నమే సఫారీ. పన్నెండింటికి జీపు వస్తుంది. ఇదిగో పర్మిట్."

అక్క పర్మిట్ అందుకుంది. చదివింది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎవడ్రా నీ చెవిలో పువ్వు పెట్టింది?"

"అంటే?"

"బుధవారం మధ్యాహ్నం పార్కు ఉండదురా! వారంలో ఆ ఒక్కపూటా జంతువులకి సెలవు. గేటుకి తాళం వేస్తారు. జీపు కాదు కదా సైకిల్ని కూడా పోనివ్వరు. కంప్యూటర్లో ఆ పూట నొక్కితే అసలు తెరుచుకోనే తెరుచుకోదు. నేనెన్నిసార్లు చూశానో!" అక్క ఎర్ర సున్నా మీద వేలు పెట్టింది. "ఇదెవరు చుట్టారో గానీ అతనికి తెలుసు. తప్పు చూపించాడు."

ముంగిస పర్మిట్ లాక్కుని మళ్ళీ చూశాడు.

గుమాస్తా తేదీ చెప్పలేదు. తప్పు దిద్దాడు. ఆ పర్మిట్ ఎవరూ బుక్ చేయలేదు, ఎక్కడో దేశం అవతల కూర్చుని అచ్చు వేశారు. సీలు సరిపోయింది, స్టిక్కరు సరిపోయింది, సెలవు మాత్రం తెలియక పప్పులో కాలేశారు. గూఢచారి శాఖలో సెలవు పెట్టి సఫారీకి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెలిసినవాడొక్కడే ఉన్నాడు, వాడి గొంతు కోసేశారు.

"కంప్యూటర్లో నా కళ్ళతో చూశాను," అని చీఫ్ గదిలో చెప్పింది నెమలి. లేనిదాన్ని ఎలా చూసింది? నలభై మందినీ సిగ్నల్ అందని అడవికి పంపేసింది. అయితే వాళ్ళు వచ్చేది...

డోర్‌బెల్ మోగింది.

"జీపు ముందే వచ్చేసినట్టుంది," అని లేచాడు బావ.

"కూర్చో బావా! ఎవరూ తలుపు తీయకండి!"

మాట పూర్తికాకుండానే పెరటి తలుపు విరిగి పడింది. జీపు డ్రైవరు వేషంలో ఒకడు పిస్తోలుతో లోపలికొచ్చాడు. ముంగిస పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నెని వాడి మొహాన కొట్టాడు. వాడు అరిచాడు, పిస్తోలు పేలింది, అలమరలో గ్లాసులు బద్దలయ్యాయి. వాడి తలని ఫ్రిజ్ తలుపు సందులో పెట్టి తన్నాడు ముంగిస. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి ఎముక విరిగిన చప్పుడయింది. వాడు కిందికి జారాడు, మరి లేవలేదు.

వీధి తలుపు తాళం తుపాకి దెబ్బకి ఎగిరిపోయింది. ముందు సెంటు వాసన వచ్చింది.

"సఫారీకి సెంటు కొట్టుకొచ్చింది, ఎవరీవిడ?" అంది అక్క. ఆ స్థితిలోనూ!

నెమలి వెనకనించి దర్జీ దూకాడు. ముంగిస వంగి డ్రైవరు పిస్తోలు అందుకోబోయాడు గానీ, అప్పటికే టేపు మెడకి పడింది. తీగ దిగింది. ఎడమచేతి వేళ్ళు రెండు తీగ కింద ఇరుక్కున్నాయి కాబట్టి పీక తెగలేదు, వేళ్ళు తెగుతున్నాయి. వెచ్చని రక్తం మోచేతిదాకా కారింది.

నెమలి బావ జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచింది. ఆమె చేతిలో లిప్‌స్టిక్ ఉంది.

"ఒక చుట్టు తిప్పితే నిద్ర. రెండు తిప్పితే శాశ్వత నిద్ర. ఇంజనీరు గారూ, నడిచి వస్తారా?"

"నేను రాను," అన్నాడు బావ. గొంతు వణికింది గానీ మాట వణకలేదు.

"గుమాస్తాని... ఎందుకు..." ముంగిస గురగురమన్నాడు.

"పర్మిట్ మీ శాఖకి దొరకాలి, అంతే మా పథకం. వాడు ఫోను తీశాడు, అందుకే చచ్చాడు. ఆ సున్నా ఏమిటో మాకూ తెలియదు. మంచిదే అయింది, మీ చీఫ్ ఇంకా గట్టిగా నమ్మాడు." లిప్‌స్టిక్ ఒక చుట్టు తిరిగింది. సూది బయటికొచ్చింది. "చివరిసారి అడుగుతున్నాను."

ముంగిస కళ్ళు మసకబారుతున్నాయి. బల్ల పక్కన అక్క ఒక్కతే ఉంది. ఆమె చేతికి అందే దూరంలో బైనాక్యులర్ ఉంది.

"అక్కా! అది... దానివైపు పెట్టు! చక్రం... మూడుసార్లు!"

అక్క ఎందుకని అడగలేదు. జీవితంలో మొదటిసారి తమ్ముడి మాట వింది. బైనాక్యులర్ రెండు చేతులా ఎత్తింది. ఒకటి.

నెమలి లిప్‌స్టిక్ రెండో చుట్టు తిప్పింది. సూది కొసన పచ్చటి చుక్క మెరిసింది. రెండు.

సూది బావ మెడని తాకింది. మూడు.

చెవులు చిల్లులు పడేలా మోగింది. గుండు నెమలి భుజంలో దూరి వెనక గోడకి రక్తం చిమ్మింది. ఆమె వెనక్కి తూలి బల్లకి కొట్టుకుని పడింది. పడ్డప్పుడు లిప్‌స్టిక్ ఉన్న చెయ్యి సొంత తొడ కింద నలిగింది. రెండు చుట్లు తిప్పిన లిప్‌స్టిక్. ఆమె ఒకే ఒక్కసారి "అయ్యో" అంది. ఆ అందమైన మొహం నీలంగా మారింది, దుస్తులకి సరిపోయేంత నీలంగా.

దర్జీ ఒక్క క్షణం అటు చూశాడు. శాఖ ఇచ్చిన బూటు మడమని ముంగిస నేలకేసి కొట్టాడు, అంగుళమున్నర కత్తి బయటికొచ్చింది, దాన్ని దర్జీ పాదంలోకి దించాడు. టేపు వదులయింది. ముంగిస వెనక్కి తిరిగి వాడి తలని పొయ్యి అంచుకేసి కొట్టాడు. పళ్ళు రాలాయి. అదే టేపు వాడి మెడకి చుట్టాడు.

"నా ఫ్రెండు మెడ ఎంతరా?"

దర్జీ బుడగలు కక్కుతూ ఏదో అన్నాడు. ముంగిస లాగాడు. తెగిన వేళ్ళతో, ఏడుస్తూ, వాడి కాళ్ళు కొట్టుకోవడం ఆగిందాకా లాగాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. పొయ్యి మంట ఒక్కటే బుసలు కొడుతోంది. అక్క వెళ్ళి దాన్ని కట్టేసింది. వచ్చి బావ మెడ తడిమి చూసింది. గీత కూడా పడలేదు. అప్పుడు కూలబడి భోరున ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తమ్ముడి వేళ్ళకి మూతిగుడ్డ చుడుతూ అడిగింది.

"లిఫ్టులు బాగుచేసేవాడివి... నీకిలాంటి బైనాక్యులర్ ఎందుకురా?"

"కొన్ని లిఫ్టులు మొండిగా ఉంటాయక్కా."

సాయంత్రం నాలుగింటికి చీఫ్ అడవిలోంచి గేటు దగ్గరికి వచ్చి ఫోను చేశాడు. "ముంగిసా, ఇక్కడేదో తేడాగా ఉందయ్యా. గేటుకి తాళం ఉంది. ఇవాళ సెలవు, రేపు రమ్మంటున్నాడు వాచ్‌మన్. నలభై మందినీ జలగలు పీకేస్తున్నాయి."

"రేపు పొద్దున్న వస్తున్నాం సార్. మా అక్క అసలైన పర్మిట్ ఎప్పుడో తీసిపెట్టింది."

వెళ్ళారు. ఎర్ర సున్నా ఉన్న పర్మిట్‌ని అక్క తన నోటుబుక్కులో మొదటి పేజీకి అంటించి వెంట తెచ్చుకుంది. జీపు మూడు గంటలు తిరిగింది. జింకలు కనబడ్డాయి, నెమళ్ళు కనబడ్డాయి, చెరువు గట్టున తడి ఆరని పంజా గుర్తులు కనబడ్డాయి. పులి కనబడలేదు. అక్క మొహం చిన్నబోయింది. ఆర్నెల్ల ప్లానంతా వృథా అయిందని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఉన్న ఒక్క కంటితో ఆమెకేసి తిరిగాడు.

"ఏడవకే. నేను నిన్ననే చూసేశాను, మన వంటింట్లో."