విరగని పెండలం ముక్క

చైతన్యపురిలో డిటెక్టివ్ క్రాంతికుమార్ ఆఫీసుకు వచ్చిన చక్రపాణికి, కుర్చీలో కూర్చున్నాక కూడా వణుకు తగ్గలేదు. పెద్దాపురం మనిషి. ఎండబెట్టిన కర్రపెండలం ముక్కలు దిల్‌సుఖ్‌నగర్‌లో పశువుల దాణాగా అమ్ముతాడు. మీర్‌పేటలో అతను కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరు లింగస్వామివి మూడు బర్రెలూ నిన్న మధ్యాహ్నం చచ్చాయి. విషం పెట్టింది చక్రపాణేనని, సాయంత్రంలోగా ఊరు వదలాలని లింగస్వామి పదిమందిని వెంటేసుకొచ్చి చెప్పాడట.

అసిస్టెంటు ప్రసన్నకు ఆ వణుకు చూసే సగం అనుమానం వచ్చేసింది.

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు. ముగ్గురూ స్కూటర్ల మీద వెళ్ళారు. లింగస్వామి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిన్నంతా తను సమ్మె శిబిరంలోనే ఉన్నానని, ఇంట్లో తల్లి ఒక్కతే ఉందని అన్నాడు.

"దాణా అయిపోయి రెండు దినాలాయె. మరి తొట్లె గీ ముక్కలు ఎవలేసిండ్రు సార్? గీయన తాన తప్ప ఇంకెక్కడున్నయి?"

క్రాంతికుమార్ చక్రపాణి గదిలోని బస్తా నుంచి ఒక ముక్క తీసి విరిచాడు. ఫట్‌మంది. తొట్టిలో మిగిలిన ముక్క విరవబోతే వంగింది గానీ విరగలేదు. తర్వాత డాబా ఎక్కాడు. టార్పాలిన్ మీద ముక్కలు ఆరుతున్నాయి, ఒక మూల మాత్రం ఖాళీ. లారీలు ఆగి ఎండు సరుకు రాకపోవడంతో దగ్గర్లోనే పచ్చి దుంపలు కొని, నిన్న పొద్దున తరిగి ఆరేసి అమ్మకానికి వెళ్ళిపోయానన్నాడు చక్రపాణి.

అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి క్రాంతికుమార్ నెమ్మదిగా చెప్పాడు. విరగకుండా వంగిన ముక్క ఇంకా ఆరనిదే. పచ్చి పెండలంలో విషం ఉంటుంది, ఎండలో పోతుంది. ఆ సంగతి తెలియక, పెండలమంతా ఒకటేననుకున్నవాళ్ళు డాబా మీది ముక్కలు తెచ్చి తొట్టిలో వేశారు. నిన్న ఇంట్లో ఉన్నది ఒక్కరే.

లింగస్వామి తల్లి అండాలమ్మ గోడకు ఆనుకుని జారి కూలబడింది.

"బర్రెలు ఆకలికి ఒర్రుతుంటె సూడలేక ఏసిన."

"అడిగితే పోయేది కదమ్మా," అన్నాడు క్రాంతికుమార్.

ఆమె చక్రపాణి వైపు తిరిగింది. "నా కొడుకు దినాం నిన్ను ఆంధ్రకు పొమ్మనబట్టె. ఏ మొఖం పెట్టుకోని అడుగుదు బిడ్డా?"

లింగస్వామి తల దించుకున్నాడు. చక్రపాణి వెళ్ళి ఆమె పక్కనే కింద కూర్చున్నాడు.

"అడిగుంటే, ఇంకా నాలుగెండలు కావాలని చెప్పేవాణ్ణి కదండీ పిన్నిగారూ."