శామ్యూల్ కూర్చున్న కంప్యూటర్

ఆదోనిలో పాత జిన్నింగు మిల్లు వెనక సందులో ఒక ఫోటో స్టూడియో ఉంది. దాని మేడ మీది గదికి మంచిపేరు లేదు. పొద్దుగూకితే టీ తెచ్చేవాడు కూడా ఆ మెట్లెక్కడు. కిందనే నిలబడి కేకేస్తాడు.

శామ్యూల్ అనే ఆల్బమ్ డిజైనర్ ఆ గదిలోనే పోయినాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే... చేయి మౌసు మీదే ఉందంట. తెర మీద ఎవరిదో పెండ్లి ఫోటో, సగం బాగుచేసి సగం వదిలేసింది.

అప్పటినుంచి ఒక మాట పుట్టింది. రాత్రిపూట ఆ కంప్యూటర్ ముందర కూర్చుంటే తెర మీది ఫోటో దిద్దే పనిముట్లన్నీ ఒక్కొక్కటే మాయమవుతాయని. ఫోటో ఒక్కటే మిగిలి, మనల్నే చూస్తుందని.

తిరుపాల్‌కు జరిగిన సంగతి ఇది. ఆయన నోటినుంచి బయటికి రావడానికి చానా కాలమే పట్టింది.

తిరుపాల్ అదే స్టూడియోలో పదిహేనేండ్లుగా ఆల్బములు చేస్తాండాడు. శామ్యూల్ పోయినాక మూసిపెట్టిన గది ఎప్పుడు తెరిచినా ఆ కుర్చీ తనదేనని నమ్మకం. గది తెరిచినారు. ఓనరు శ్రీపాదరావు కౌతాళం నుంచి సరస్వతి అనే ఇరవై రెండేండ్ల పిల్లను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టినాడు. కొత్త మానిటరూ ఆ పిల్లకే. తిరుపాల్‌కు కింద కౌంటర్ పక్కన అదే పాత డబ్బా కంప్యూటర్.

ఆరు నెలలు తిరక్కుండానే పెండ్లివాళ్ళు ఎమ్మిగనూరు నుంచి కూడా ఆ పిల్ల పేరు అడుక్కుంటా వచ్చినారు.

"ఆయమ్మ చేతనే చేపియ్యప్పా," అని తిరుపాల్ మొగం మీదే అనేవాళ్ళు.

తిరుపాల్ నవ్వేవాడు. కడుపులో మాత్రం ఎండుమిరపకాయలు నూరినట్టుండేది.

ఒకనాడు ఆ పిల్ల అన్నానికి పోయినప్పుడు మేడెక్కి, ట్యాబ్ మీట నొక్కి వచ్చినాడు. ఎడమపక్క పనిముట్లు, కుడిపక్క పెట్టెలు అన్నీ తెర మీదనుంచి మాయం. కాసేపటికి పైనుంచి వినపడింది...

"అయ్యో, అన్నీ యాడ పోయినాయి?"

ఆ గొంతులోని బెదురు తిరుపాల్ చెవులకు చక్కెర.

మరుసటి నాడు ఎఫ్ నొక్కి పైనున్న మెనూ కూడా కనపడకుండా చేసినాడు. ఆ మరుసటి నాడు అక్షరాలన్నీ చీమతలకాయలంత చేసినాడు. ఆ పిల్ల ఫోనులో వెతుక్కుని, ఎట్లో ఒకట్ల అన్నీ సరిచేసుకునింది. ఆఖరికి తిరుపాల్ లేయర్స్ పెట్టెనే పట్టుకున్నాడు. ఏ ఫోటో పైన ఏది పేర్చినామో చూపించే పెట్టె అది. దాన్ని తెర అంచు దాకా ఈడ్చి, అంచు దాటించి, చూపు అందని చోట వదిలేసినాడు.

అది మాత్రం ఆ పిల్లకు దొరకలేదు. మూడు దినాలు కండ్లకు గంతలు కట్టుకున్నట్టు పని చేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గదిలోకి పోయేముందు మాత్రం కుర్చీకి దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

మూడో దినం సాయంత్రం శ్రీపాదరావు అన్నాడు. "ఆల్బమ్ లేటయితే కానీలే తిరుపాల్. ఆ పిల్ల చేతిపనే వేరు."

ఆ ఒక్క మాట... తిరుపాల్‌కు ముద్ద దిగలేదు. ఆల్బమ్‌నే పూర్తిగా తుడిచేస్తానని ఆ రాత్రి పదకొండింటికి బయలుదేరినాడు.

సందులో కుక్క కూడా లేదు. తాళం తీసి, లైటు వేయకుండా, గోడ తడుముకుంటా మెట్లెక్కినాడు. గదిలో చిన్నగా రొద... కంప్యూటర్ ఆపలేదు. ఎవురు వదిలిపోయినారు?

మానిటర్ వేసినాడు. తెర మీద పెండ్లికూతురు మొగం. నుదుట బాసికం. రెండు కండ్లూ తిరుపాల్ మీదే.

కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని తెర మీది బాణాన్ని కిందికి లాగినాడు. బాణం కదిలింది... ఆగింది... వెనక్కి పోయింది. చేతిలో నుంచి ఎవరో గుంజుకున్నట్టు.

మౌసు వదిలేసినాడు.

బాణం కదులుతానే ఉంది.

పెండ్లికూతురి చెంప మీదుగా మెల్లగా, వణుకుతా... ఏదో వెతుకుతాండాది. తిరుపాల్ చేయి తగిలి ట్యాబ్ నొక్కుకుంది. పనిముట్లన్నీ మాయం. మరుక్షణం అవే తిరిగి వచ్చినాయి. మళ్ళీ నొక్కినాడు. మళ్ళీ వచ్చినాయి. కుర్చీ వెనక్కి జరిపినాడు.

పెండ్లికూతురి నుదుటి మీద ఒక అక్షరం పడింది. పక్కన ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

"ఎవురు?"

తిరుపాల్ ఊపిరి బిగబట్టినాడు.

"శామ్యూలన్నా... నువ్వేనా? నేను సరస్వతిని. సారు యాప్ పెట్టించినాడు. ఇంట్లో నుంచే ఈ కంప్యూటర్ తెరిచి పని చేస్తాండాను."

అప్పుడొచ్చింది తిరుపాల్‌కు ఊపిరి. దెయ్యమూ లేదు, పాడూ లేదు! కౌతాళంలో కూర్చుని ఆ పిల్ల మౌసు తిప్పుతాంది. ఈడ ఉన్నది తానేనని ఆ పిల్లకు తెలీదు. గట్టిగా నవ్వబోయి నోరు మూసుకున్నాడు. అక్షరాలు ఇంకా పడతాండాయి.

"దినామూ నా పనిముట్లు దాచేది నువ్వేనా అన్నా? నీ కుర్చీలో కూర్చున్నానని కోపమా? పొమ్మంటే పోతాను."

ఒక్క మాట. 'పో' అంటే చాలు. రేపటినుంచి ఆ కుర్చీ తనది.

తిరుపాల్ 'పి' కొట్టినాడు. 'ఓ' మీద వేలు పెట్టినాడు... అంతలో ఇంకొక వరస పడింది.

"లేయర్స్ పెట్టె యాడుందో అదొక్కటి సెప్పన్నా. తిరుపాలన్నను అడగాలంటే భయం. నేనంటే ఆయనకు గిట్టదు. మా అక్క పెండ్లి ఆల్బమ్ ఆయనే చేసినాడు. అది చూసే నేను ఈ పని నేర్చుకోవాలనుకున్నా."

తిరుపాల్ ఆ వరసను మూడుసార్లు చదివినాడు. పదిహేనేండ్లలో ఎవరూ అనని మాట. ఆ మాట కూడా తనతో కాదు, చచ్చిపోయినవానితో చెప్తాంది.

'పి'ని చెరిపేసినాడు.

"విండో మెనూకు పో. అందులో వర్క్‌స్పేస్. అందులో రీసెట్. అన్నీ యాడివి ఆడికి వస్తాయి," అని కొట్టినాడు.

బాణం పైకి పోయింది. మెనూ తెరుచుకునింది. కుడిపక్కన లేయర్స్ పెట్టె టక్కున వచ్చి కూర్చుంది.

"నీ రుణం తీర్చుకోలేనన్నా," అని పడింది తెర మీద.

తిరుపాల్ కంప్యూటర్ ఆపినాడు. గదికి కరెంటే రాకుండా మెయిన్ స్విచ్ దించినాడు. తాళమేసి ఇంటికి పోయినాడు. అప్పటికి పన్నెండు.

పొద్దున్నే సరస్వతి వెలిగిపోతా వచ్చింది. కౌంటర్ దగ్గరే శ్రీపాదరావుకు అంతా చెప్పింది. ఆయన కండ్లనీళ్ళు తుడుచుకుని, శామ్యూల్ ఫోటో ముందర కొవ్వొత్తి వెలిగించినాడు.

"పోయినాక కూడా పని నేర్పిస్తాండాడు. అట్లాటి చేయి మళ్ళీ పుట్టదు!"

తిరుపాల్‌కు బతికున్న పిల్ల మీద తగ్గింది అనుకుంటే, ఇప్పుడు చచ్చిపోయినవాని మీద అసూయ. నేనే, నేనే చెప్పినాను అని గొంతుదాకా వచ్చింది. చెప్తే, దాచిందెవరో కూడా చెప్పాల. మింగుకున్నాడు.

తిరుపాల్ గది తెరవడానికి మెట్లెక్కుతాంటే సరస్వతి వెనకాలే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించింది.

"అన్నా, సారుకు ఒకటి సెప్పలే. పన్నెండుకు తెర ఆరిపోయింది కదా... రెండింటికి దానంతటదే మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాసినాడు."

"ఏమని?"

"దాచిందీ తిరుపాలే, చూపించిందీ తిరుపాలే. వాని మీద కోపం పెట్టుకోవద్దమ్మా... అని."

తిరుపాల్ తాళం తీసినాడు.

"నాకు కోపం లేదన్నా," అనింది సరస్వతి. "ఒక్కటి సెప్పు సాలు. ఆ రెండోసారి రాసింది కూడా నువ్వేనా?"

తిరుపాల్ తలుపు తోసినాడు. గదిలో చీకటి. గోడ మీద మెయిన్ స్విచ్... రాత్రి తాను దించినట్టే, కిందికే ఉంది.