కదలని ముల్లు

క్రీమ్ ఫ్రిజ్ తలుపు తీసి, లోపల వేలాడే థర్మామీటర్ వంక చూసి, అక్క రిజిస్టర్‌లో నాలుగు డిగ్రీలని వేసింది. నిన్నా నాలుగే, మొన్నా నాలుగే. మన బేకరీలో మాట తప్పనిది ఇదొక్కటే అనుకుని నవ్వుకుంది.

ఆ రోజు తనిఖీ. వచ్చేది పరాయివాడు కాదు, తను చేతుల మీద పెంచిన తమ్ముడు. ఆహార భద్రత సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలో ఆడిటర్. సొంతవాళ్ల దుకాణం తనిఖీ చెయ్యకూడదని వాళ్ల రూలు. పెళ్లితో అక్క ఇంటిపేరు మారింది కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. తెలియనివ్వొద్దని బతిమాలింది అక్కే. ఆ కాగితం లేకపోతే స్కూళ్ల ఆర్డర్లు రావు, అవి రాకపోతే బేకరీ నడవదు.

తమ్ముడు వచ్చాడు, టీ తాగాడు, రిజిస్టర్ తిరగేశాడు. వరస నాలుగుల మీద చూపు జార్చేసి, సంతకానికి పెన్ను తీశాడు.

"సార్, ఒక్క నిమిషం."

కేకుల మీద క్రీముతో పూలు వేసే ఆవిడ, అందరూ క్రీమమ్మ అంటారు. పనిలో చేరి ఆరు నెలలైంది, ఏనాడూ గొంతు పెంచి ఎరగదు. గ్లాసు నిండా మంచుముక్కలు వేసి, నీళ్లు పోసి, ఫ్రిజ్‌లోని థర్మామీటర్ తెచ్చి అందులో ముంచింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ముల్లు నాలుగు దగ్గర్నుంచి కదల్లేదు.

"మంచునీళ్లలో సున్నా చూపించాలి కదా సార్? రెండేళ్ల క్రితం నా బేకరీలో మీరే ఇలా గ్లాసు పెట్టి చూశారు. థర్మామీటర్ తప్పని సర్టిఫికెట్ ఆపేశారు. ఆర్డర్లు పోయాయి, బేకరీ మూతపడింది."

తమ్ముడు ఆవిడ వంక చూడకుండా అక్కవైపు తిరిగాడు. "ఇదేం పెద్ద విషయం కాదక్కా. కొత్తది కొనెయ్, బాగానే ఉందని రాసేస్తాలే."

"ఆవిడకా మాట ఎందుకు చెప్పలేదురా?"

"ఆవిడా నువ్వూ ఒకటేనా?"

ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం. ఆ వెన్న తను అడిగి మరీ పెట్టించుకున్నదేనని అక్కకు అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"మీరు ఆపడం తప్పని నేనెప్పుడూ అనలేదు సార్," అంది క్రీమమ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "పిల్లలు తినేది, రూలు అందరికీ ఒకటే కదా అని సరిపెట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. ఇవాళ అదీ లాక్కున్నారు."

అక్క తమ్ముడి చేతిలో పెన్ను లాగేసింది. "మీ ఆఫీసుకి ఫోన్ చెయ్. నేను నీ అక్కనని చెప్పు. వేరేవాళ్లని పంపమను."

"నా ఉద్యోగం పోతుందక్కా!"

"ఆవిడ బేకరీ పోయినప్పుడు నీకింత భయమేసిందా? చెయ్యరా!"

చేశాడు. అంతా చెప్పి, అక్క మొహం చూడకుండా మెట్లు దిగిపోయాడు.

అక్క ఫ్రిజ్‌లోని క్రీమ్ ట్రేలు పారబోయడానికి బయటికి లాగింది. క్రీమమ్మ కాసేపు చూసి, వచ్చి రెండో కొస పట్టుకుంది.

"నన్ను క్షమించమ్మా," అంది అక్క, వెక్కుతూ.

"ముందు ఆ రిజిస్టర్ సంగతి చూడండి."

ఏడాది పొడుగునా నాలుగులు. ఏ రోజు ఫ్రిజ్ నిజంగా చల్లగా ఉందో, ఏ పసివాడు తన బేకరీ కేకు తిని కడుపునొప్పితో మెలికలు తిరిగాడో, ఇప్పుడెవరు చెప్పగలరు? అక్క ఇవాళ్టి నాలుగు కొట్టేసి, పక్కన 'తెలియదు' అని రాసింది. తర్వాత నిన్నటిది. తర్వాత మొన్నటిది.